రెండు కాళ్ళ సోఫా

కోక్‌తలా జిల్లా చరిత్రను ఇకమీదట రెండు భాగాలుగా చెప్పుకోవాలని అకిమ్ మేడర్‌బెక్ గారు మైకులో ప్రకటించారు. సోఫా రాకముందు ఒక భాగం, వచ్చాక ఒక భాగం. జిల్లాలో అన్నిటికీ అకిమే పెద్ద కాబట్టి, చరిత్రను ఎక్కడ కోయాలో తేల్చే అధికారం కూడా ఆయనదే.

ఆ రోజు ఆఫీసు ముందు కొముజ్ వాయించేవాళ్ళను కూర్చోబెట్టారు. బడిపిల్లల చేత జెండాలు పట్టించారు. రాజధాని బిష్కెక్ నుంచి అట్టపెట్టెలు తెచ్చిన లారీ డ్రైవరు నెత్తిన తెల్లటి కల్పాక్ టోపీ పెట్టి, రెండు చేతులూ పట్టుకుని ఊపారు. పుట్టాక ఎవరిచేతా 'గారు' అనిపించుకోని ఆ డ్రైవరు బెదిరిపోయి, సంతకం కూడా అడక్కుండా లారీ తీశాడు.

"మధ్యలో దుకాణం లేదు, బేరం లేదు, తెలిసినవాళ్ళ సిఫార్సు లేదు," అన్నారు అకిమ్ గారు. "ఫోను మీద వేలితో ఇలా నొక్కాం. సోఫా అలా వచ్చింది. డిజిటల్ పాలన అంటే ఇదే."

జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఎగెంబెర్ది ఉన్నాడు. ఒకప్పుడు కుస్తీ పట్లలో చుట్టుపక్కల లోయలన్నిటికీ తెలిసిన పేరు, ఇప్పుడు బడిలో వ్యాయామం మాస్టారు. మనిషి తలుపంత వెడల్పు. అతని కోటు జేబులో ఒక అర్జీ ఉంది.

ఎగెంబెర్ది వాళ్ళది ఊరి చివర ఇంతిమక్ వీధి. ఆ వీధిలో కొళాయి ఉంది. దానికి నీలం రంగు వేశారు, రిబ్బను కట్టారు, కత్తిరించారు. నీళ్ళు మాత్రం ఒక్కనాడూ రాలేదు. ఎగెంబెర్ది తల్లి కులుయ్‌పా ఎనభై దాటిన మనిషి. కొడుకు నిద్రలేచేలోగా తాడుతో లాగే చిన్న బండి మీద పాలక్యాను పెట్టుకుని కాలవకు వెళ్ళి నీళ్ళు తెచ్చేస్తుంది. వద్దంటే వినదు, నేను తెస్తానంటే నవ్వుతుంది. పోయిన చలికాలం కాలవగట్టున మంచు మీద జారిపడింది. అప్పటినుంచి కుంటుతుంది, కుంటుతూనే వెళ్తుంది. ఆ బండి చక్రాల కిర్రు వినపడ్డప్పుడల్లా ఎగెంబెర్దికి పక్కమీద సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోయేది.

వేలితో నొక్కితే సోఫా వచ్చిన జిల్లాలో, చేత్తో తిప్పితే నీళ్ళు రాకపోతాయా అనుకున్నాడతను. వెళ్ళి అకిమ్ గారి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

లోపల పెట్టెలు విప్పుతున్నారు. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే జక్షిలిక్ మోకాళ్ళ మీద కూర్చుని అట్టలన్నీ దులిపి, మళ్ళీ దులిపి, లేచి నిలబడ్డాడు.

"సార్, కాళ్ళు రెండే ఉన్నాయి."

"సిస్టంలో ఎన్నున్నాయి?" అని అడిగారు అకిమ్ గారు.

ప్రెస్ వ్యవహారాలు చూసే చోల్పొనై ఫోను చూసింది. "నాలుగు సార్. 'నాలుగు కాళ్ళు అందినవి' అని పచ్చ అక్షరాల్లో ఉంది."

"మరింకేం?"

"ఇక్కడ చూస్తే రెండే ఉన్నాయండి," అన్నాడు జక్షిలిక్.

"డిజిటల్ అయ్యాక కూడా కళ్ళతో చూస్తానంటే ఎలాగయ్యా?"

అకిమ్ గారి మాటలో ఉన్న లోతుకు గదిలో అందరూ తలలూపారు. అయినా చోల్పొనై, చిన్నపిల్ల కదా, తెలియక కంపెనీకి ఫిర్యాదు రాయబోయింది. అవతల మాట్లాడేది మనిషి కాదు, మర. మర ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి, తమరు ఇదివరకే ఐదు నక్షత్రాలు ఇచ్చి 'దేశానికే ఆదర్శం' అని రాశారనీ, ఫిర్యాదు చేయాలంటే ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలనీ చెప్పింది. సోఫా లారీలో ఉండగానే అకిమ్ గారు ఆ నక్షత్రాలు ఇచ్చేశారు. అది మైకులో కూడా చెప్పారు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయన వంశంలోనే లేదు.

"పోనీ కింద ఇటుకలు పెడదామా సార్?" అన్నాడు జక్షిలిక్.

"ఇంతకుముందున్న అకిమ్ బీరువా కింద ఇటుక పెట్టాడు. ఫోటో పేపర్లో పడింది. ఇప్పుడాయన ఏం చేస్తున్నాడు?"

"తేనెటీగలు పెంచుకుంటున్నాడండి."

ఇటుకల ప్రస్తావన అక్కడితో ఆగిపోయింది. ఉన్న రెండు కాళ్ళూ ఎక్కడ బిగించాలన్న దాని మీద చర్చ జరిగింది. ఒక పక్కన బిగిస్తే రెండో పక్కకు అన్యాయం చేసినట్టవుతుందనీ, ప్రభుత్వానికి పక్షపాతం పనికిరాదనీ అకిమ్ గారు సెలవిచ్చారు. కాబట్టి ముందొకటి, వెనకొకటి, సరిగ్గా నడిమధ్యన బిగించారు. సోఫా చక్కగా నిలబడింది. అకిమ్ గారు కోటు గుండీ విప్పుకుని కుడిచేతి వైపు కూర్చున్నారు. ఎడమచేతి వైపు గాల్లోకి లేచింది. అకిమ్ గారు జారి తివాచీ మీదికి చేరారు.

ఆ ఆఫీసు క్రమశిక్షణ ఎలాంటిదంటే, ఆయన కింద ఉన్నంతసేపూ సిబ్బంది అంతా కిటికీలోంచి కొండల మీది మంచును చూశారు.

లేచి దులుపుకున్నాక అకిమ్ గారే పరిష్కారం కనిపెట్టారు. సోఫాలో లోపం లేదు, దాన్ని ఒక్కడే వాడబోవడమే లోపం. అది ఇద్దరి సోఫా. అవతలి పక్కన సరితూగే మనిషి ఉంటే చాలు. వెంటనే పశువుల సంతనుంచి గొర్రెలను తూచే కాటా తెప్పించి సిబ్బందినంతా ఎక్కించారు. ఉపఅకిమ్ తేలిపోయాడు. జేబుల్లో రాళ్ళు పోసుకొస్తానన్నాడు గానీ అది ఆయన హోదాకు తగదన్నారు. అకౌంటెంటు సరిపోయేవాడే, కానీ ఫోను మోగితే నిలబడి మాట్లాడే అలవాటు. అప్పుడు జక్షిలిక్ చూపు గుమ్మం మీద పడింది. గుమ్మం నిండా ఎగెంబెర్ది ఉన్నాడు.

"అన్నా, ఏదైనా పనిమీద వచ్చారా?" అన్నాడు ఎంతో ప్రేమగా.

"నీళ్ళ కొళాయి గురించి అర్జీ తమ్ముడూ. ఇదివరకు మీరే మూడుసార్లు..."

"అర్జీ ఎక్కడికి పోతుందన్నా. ముందు ఈ కాటా ఎక్కండి."

అలా ఎగెంబెర్ది అకిమ్ గారి సరసన కూర్చున్నాడు. జిల్లా పుట్టాక ఒక వ్యాయామం మాస్టారుకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. బడి డైరెక్టరుకు కబురు వెళ్ళింది. ప్రభుత్వ బాధ్యత దృష్ట్యా ఇకనుంచి ఎగెంబెర్ది పొద్దున్నించి సాయంత్రందాకా అకిమ్ గారి గదిలోనే ఉంటాడని, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తాలని ఉత్తర్వు.

మొదటిరోజే అతను ధైర్యం చేశాడు. కదలకుండా, మెడ కూడా తిప్పకుండా, "అకిమ్ గారూ, మా వీధి నీళ్ళు..." అన్నాడు.

అకిమ్ గారు కూడా మెడ తిప్పలేదు. "చోల్పొనై, ఇంతిమక్ వీధి చూడమ్మా."

"పచ్చగా ఉంది సార్. నీళ్ళు అందినవి."

"విన్నారుగా మాస్టారూ. వచ్చేశాయట."

"కొళాయిలో రావడం లేదండి."

అకిమ్ గారి మనసు మెత్తన, పైగా సరితూగే మనిషి మళ్ళీ దొరకడు. "సరే. వచ్చే నెల ప్రాంత గవర్నర్ గారు మన సోఫా చూడడానికి వస్తున్నారు. ఆరోజు ఏ తేడా రాకుండా గడిపించండి. సాయంత్రానికల్లా మీ వీధిలో నేనే స్వయంగా కొళాయి తిప్పుతాను. రొట్టె మీద ఒట్టు."

రొట్టె మీద ఒట్టేసిన మాట ఇక తిరుగులేనిది. ఎగెంబెర్ది ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వెళ్ళాడో అతనికే తెలియదు. తల్లికి చెప్తే ఆమె టీ పోస్తూ వింది.

"పొద్దస్తమానం ఆయన పక్కన కూర్చుని ఏం చేస్తావురా?"

"కూర్చుంటానమ్మా."

"అదే, కూర్చుని ఏం చేస్తావు?"

"లేవకుండా ఉంటాను."

కులుయ్‌పా కొడుకును ఎగాదిగా చూసింది. "మీ నాన్న గుర్రం కూడా నీకంటే ఎక్కువ పని చేసేదిరా," అని రొట్టె ముక్క అతని ముందు పెట్టింది.

ఊరు మాత్రం అలా అనుకోలేదు. అకిమ్ గారి పక్కన కూర్చునేవాడంటే మాటలా? విందుల్లో అంతకుముందు ఎగెంబెర్దికి ఏ మెడ ముక్కో పెట్టేవాళ్ళు, ఇప్పుడు పెద్దలకిచ్చే తుంటి ఎముక పెడుతున్నారు. కొడుక్కి ఉద్యోగం, కూతురికి కాలేజీ సీటు, పొలం గట్టు తగాదా, అన్నీ అతని చెవిన వేస్తున్నారు. అతను అందరికీ ఒకటే చెప్పేవాడు: "నేను కదలకూడదు." జనం దాన్ని పెద్ద రాజకీయ రహస్యంగా భావించి మరింత గౌరవించారు.

అకిమ్ గారు ఏ పెళ్ళి విందుకో వెళ్ళొచ్చిన మర్నాడు, లెక్క సరిపోవాలి కాబట్టి, ఎగెంబెర్దికి కూడా ఆఫీసులో అంత మాంసమూ పెట్టి తినిపించేవాళ్ళు. ప్రజలకూ పాలకులకూ మధ్య ఇంత సమానత్వం ఏ పుస్తకంలో ఉందో చూపించమనండి.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒకరోజు పెద్దమనుషుల సంఘం తరఫున ఒక తెల్లగడ్డం తాత సోఫాకు ఆశీస్సులు చెప్పడానికి వచ్చాడు. తలుపు తెరుచుకుంది, తాత కర్ర లోపల పెట్టాడు, ఎగెంబెర్ది లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేవాలా వద్దా అని ఆలోచించి లేచేవాడు ఆ దేశంలో ఉండడు. అమ్మపాలతోపాటే మోకాళ్ళకు అబ్బే విద్య అది. తాత కళ్ళెత్తి చూసేసరికి అకిమ్ గారు తివాచీ మీద ఉన్నారు, సిబ్బంది కొండలను చూస్తున్నారు.

"మాస్టారూ, ఏమిటిది?" అన్నారు అకిమ్ గారు తర్వాత.

"తాత వచ్చాడు కదండీ."

"వస్తే?"

ఎగెంబెర్దికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అకిమ్ గారు ఇంకా చాలాసేపు మందలించారు గానీ, మోకాళ్ళకు ఉత్తర్వులు ఇవ్వలేమని చివరికి గ్రహించారు. మర్నాటినుంచి పెద్దలను ఆఫీసు మెట్లెక్కనివ్వలేదు. వాళ్ళకోసం ఆవరణలో గౌరవ గుడారం వేసి, లోపల షిర్దాక్ తివాచీలు పరిచి, టీ, నూనెలో వేయించిన వేడివేడి బోర్సోకులు పెట్టించారు. 'పెద్దలకు ప్రత్యేక గుడారం: దేశంలోనే తొలిసారి' అని జిల్లా పేపరు రాసింది. తాతలు కడుపునిండా తాగి, తిని, దీవించి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ అర్జీలు ఎవరు తీసుకోవాలన్నది మాత్రం ఉత్తర్వులో లేదు.

గుమ్మం దగ్గర కాపలావాడు వచ్చినవాళ్ళనల్లా పుట్టిన సంవత్సరం అడిగేవాడు. ఎగెంబెర్ది కంటే ముందు పుట్టినవాళ్ళు గుడారానికి, తర్వాత పుట్టినవాళ్ళు లోపలికి. అతనితో ఒకే బల్ల మీద చదువుకున్న పశువుల డాక్టరు కొన్ని వారాలు పెద్దవాడని తేలి, అకిమ్ గారితో పనున్నా బోర్సోకులు తిని వెళ్ళిపోయాడు.

గవర్నర్ గారి రాక దగ్గరపడింది. పద్ధతి ప్రకారం తలుపుకు ఎదురుగా ఉన్న పైచోటు అతిథిది. ఆ చోట సోఫా ఉంది. అంటే గవర్నర్ గారు సోఫా మీద, అవతలి కొసన ఎగెంబెర్ది, అకిమ్ గారు చేతులు కట్టుకుని పక్కన. జక్షిలిక్ గవర్నర్ ఆఫీసుకు ఫోను చేసి వారి బరువెంతని అడిగాడు. అది ప్రభుత్వ రహస్యమన్నారు. టీవీలో చూసి, ఆయన గుర్రమెక్కినప్పుడు గుర్రం మొహం ఎలా ఉందో గమనించి, అకిమ్ గారంతే ఉంటారని తేల్చారు.

చోల్పొనై ఒక ఏర్పాటు చేసింది. గేటు దగ్గర తెల్లటి తలపాగా చుట్టుకున్న పెద్దావిడ ఒకరు రొట్టె పట్టుకుని గవర్నర్ గారికి ఎదురెళ్ళాలి. పెన్షన్ల సిస్టంలో వెతికితే కులుయ్‌పా పేరు వచ్చింది. ఎగెంబెర్ది అకిమ్ గారి వైపు చూశాడు. "గేటు దగ్గరే కదా," అన్నారు అకిమ్ గారు.

ఆ ఉదయం కులుయ్‌పా కాలవకు వెళ్ళలేదు. "సాయంత్రం కొళాయిలో పట్టుకుందాంలే," అంది. తల్లి నోట ఆ మాట విని ఎగెంబెర్ది మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె పెట్టెలోంచి తెల్లబట్ట తీసి తలకు చుట్టుకుంది, తను కాల్చిన రొట్టెను గుడ్డలో పెట్టుకుంది.

గవర్నర్ గారు ముందు గేటునుంచి రాలేదు. ఆ దారిలో నీళ్ళ గొట్టాల కోసం తవ్విన గొయ్యి ఉంది. గొట్టాలు వేసినట్టు సిస్టంలో ఉంది గానీ గొయ్యి పూడ్చినట్టు లేదు. బండ్లు వెనక గేటునుంచి వచ్చాయి. గవర్నర్ గారు నేరుగా గదిలోకి వచ్చి, కెమెరాల ఎదుట సోఫా మీద కూర్చున్నారు. అదే క్షణంలో ఎగెంబెర్ది అవతల కూర్చున్నాడు. నెలరోజుల సాధన వృథా పోలేదు, సోఫా కాస్త కూడా కదల్లేదు.

"అద్భుతం," అన్నారు గవర్నర్ గారు. "వేలితో నొక్కితే వచ్చిందా?"

"వచ్చింది సార్," అన్నారు అకిమ్ గారు వినయంగా.

"ఈయనెవరు?"

"ప్రజలు సార్."

గవర్నర్ గారు ప్రజల వైపు చూసి తల ఊపారు. డిజిటల్ యుగం గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఎగెంబెర్ది కదలకుండా కూర్చుని సాయంత్రం గురించి ఆలోచిస్తున్నాడు.

గేటు దగ్గర కులుయ్‌పా ఎండలో నిలబడి నిలబడి, అతిథి వెనకనుంచి వెళ్ళాడని ఎవరో చెబితే విని, కుంటుకుంటూ మెట్లెక్కింది. కాపలావాడు అలవాటుగా పుట్టిన సంవత్సరం అడగబోయి ఆమె చేతుల్లోకి చూశాడు. రొట్టె పట్టుకొచ్చిన మనిషికి అడ్డు నిలబడడం వాడి వల్ల కాలేదు. పైగా తనే తలుపు తీసి పట్టుకున్నాడు.

తెల్లటి తలపాగా గుమ్మంలో కనపడింది.

ఎగెంబెర్ది అకిమ్ గారి మొహం చూశాడు. వద్దు వద్దని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. లేవకుండా ఇంకొక్క పావుగంట కూర్చుంటే కొళాయి, లేస్తే మళ్ళీ కాలవగట్టు. తల్లి కోసమే కదా ఈ కూర్చోవడమంతా, అనుకున్నాడు. తొడలు బిగబట్టుకున్నాడు. తల్లి ఇంకో అడుగు లోపలికి వేసింది. ఆమె కుడికాలు కాస్త ఈడ్చింది.

అతను లేచి నిలబడ్డాడు.

గవర్నర్ గారూ అదే సమయానికి లేచి ఉంటే ఏమీ జరిగేది కాదు. ఆయన లేవలేదు.

సిబ్బంది అంతా కిటికీ వైపు తిరిగారు. కొండల మీద ఆ రోజు మంచు బాగా కనపడుతోంది. కులుయ్‌పా మాత్రం తివాచీ మీద ఉన్న మనిషి ముందు నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ విప్పింది.

"మంచి పని చేశావు నాయనా. మనవాళ్ళ మాదిరి కిందే కూర్చున్నావు. రొట్టె రుచి చూడు."

కెమెరాలు తిరుగుతున్నాయి. గవర్నర్ గారు అంత పెద్ద పదవికి ఊరికే రాలేదు. ఆయన కాళ్ళు మడిచి బాసీపట్టు వేసుకున్నారు, రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నారు, తలెత్తి ప్రకటించారు: "సోఫాలు మన సంస్కృతి కాదు. ఇకనుంచి నా ప్రాంతంలో ప్రతి ఆఫీసులోనూ నేలమీదే కూర్చుంటాం."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అకిమ్ గారు. సోఫాల వల్ల వచ్చే అనర్థం ప్రజలకు కళ్ళారా చూపించడానికే తాము ఆ సోఫా తెప్పించామని ఆయన అక్కడికక్కడే వివరించారు.

చప్పట్ల మధ్య ఎగెంబెర్ది అర్జీ బయటికి తీశాడు. అన్నాళ్ళు జేబులో మడతపడి ఉండడం వల్ల అది విప్పడానికే కాస్త సమయం పట్టింది. "అయ్యా, మా వీధి కొళాయి. అకిమ్ గారు రొట్టె మీద..."

"ప్రజల అర్జీ," అన్నారు గవర్నర్ గారు నమలుతూనే. "ఈ సాయంత్రమే తీరాలి. ఫోటో నాకు పంపండి."

నిజంగానే ఆ సాయంత్రమే అకిమ్ ఆఫీసు లారీ ఇంతిమక్ వీధికి వచ్చింది. వీధి వీధంతా బకెట్లు, క్యాన్లు పట్టుకుని కొళాయి చుట్టూ మూగింది. లారీలోంచి ముందు సోఫా దింపారు. ఆఫీసులో ఇక పనికిరాదు కాబట్టి, నీళ్ళ కోసం నిలబడే ఆడవాళ్ళ సౌకర్యార్థం దాన్ని ప్రజలకు అంకితం చేస్తున్నట్టు జక్షిలిక్ చదివి వినిపించాడు. తర్వాత ఒక పెద్ద పాలక్యాను దింపారు. దాని నిండా నీళ్ళు. మూత సందులోంచి తొణికి నేలమీద పడుతుంటే పిల్లలు వేళ్ళు పెట్టి చూశారు.

అకిమ్ గారు బండి దిగి, మాట తప్పకుండా, స్వయంగా కొళాయి తిప్పారు. కొళాయి బాగానే తిరిగింది.

చోల్పొనై కులుయ్‌పాను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సోఫా ఒక కొసన కూర్చోబెట్టింది. రెండో కొసన నీళ్ళ క్యాను పెట్టించింది. కాస్త అటూ ఇటూ జరిపాక సోఫా తిన్నగా నిలబడింది.

"నవ్వండి పెద్దమ్మా. నీళ్ళొచ్చాయిగా."

కులుయ్‌పా నవ్వలేదు గానీ, చాన్నాళ్ళకు మెత్తటిచోట కూర్చుంది కాబట్టి కాళ్ళు చాపుకుంది. ఫోటో తీశారు. అది గవర్నర్ గారికి వెళ్ళింది. చోల్పొనై ఫోనులో అర్జీ పచ్చగా మారింది.

అప్పుడు డ్రైవరు వచ్చి క్యాను ఎత్తబోయాడు. ఎగెంబెర్ది ఒక్క అంగలో వెళ్ళి తల్లిని కింద పడకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. సోఫా అతని మోకాలికి తగిలి ఆగింది.

"ఇదెక్కడికి తీసుకుపోతున్నావయ్యా?" అంది కులుయ్‌పా.

"పక్క వీధికి పెద్దమ్మా. అక్కడా ఫోటో ఉంది. సోఫా కూడా ఎక్కించాలి, కాస్త లేవండి."

"ఒక్క చెంబెడు పోసి వెళ్ళు నాయనా. పొద్దున్నించి ఇంట్లో చుక్క లేదు."

డ్రైవరు మంచివాడే, ఇబ్బందిగా జక్షిలిక్ వైపు చూశాడు. జక్షిలిక్ క్యాను మూత గట్టిగా నొక్కాడు.

"తగ్గితే సోఫా నిలవదు పెద్దమ్మా," అన్నాడు.

లారీ వెళ్ళిపోయింది. ఎగెంబెర్ది ఇంట్లోకి వెళ్ళి బండి తెచ్చాడు. తమ పాలక్యాను దాని మీద పెట్టి, అప్పటికే తల్లి పట్టుకున్న బండి తాడును తీసుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు, ఇద్దరూ చెరో కొస పట్టుకుని కాలవ వైపు నడిచారు.